జారిపోయిన 'ఇతి'

2009 డిసెంబరులో ఒక ప్రాచ్య కళాశాలవారు అలంకారశాస్త్రంపై రెండు రోజుల సదస్సు జరిపారు. రెండవనాటి ఉదయ సమావేశానికి నేను అధ్యక్షుణ్ణి. పత్రసమర్పకులలో ఒకామె నా పూర్వశిష్యురాలు. 1996లో భాషాప్రవీణ తరగతిలో మొదటి బల్లమీద కూర్చుండి, నేను చెప్పినది అక్షరం పొల్లుపోకుండా వ్రాసుకొన్న విద్యార్థిని. అప్పటికి ఆమె వేరొక కళాశాలలో ఉపన్యాసకురాలైంది. రససూత్రవ్యాఖ్యాతల మతాలను వరుసగా వివరిస్తూ భట్టనాయకుని సాధారణీకరణం దగ్గరకు వచ్చి, రంగస్థలంమీది శోకం ఊరి చెరువునీటి వంటిదనీ, ఎవరు ముంచుకొంటే వారి బిందెలో అది వారిదవుతుంది గాని చెరువు ఏ ఒక్కరిదీ కాదనీ చదివింది. సభాసదులు తలలూపారు. నాకు మాత్రం ఒళ్ళు భగ్గుమన్నది. ఆ ఉపమానం నాది. 1984 నుండి ప్రతి సంవత్సరమూ నేను తరగతిలో చెప్పి వ్రాయించినది. 1987లో ఒక పత్రికలో నా పేర అచ్చయినది కూడా.

తేనీటి విరామంలో ఆమెను పిలిచాను. చుట్టూ నలుగురైదుగురు ఉపన్యాసకులు ఉన్నారు.

"ఏమమ్మా, ఆ చెరువు ఎవరిది?" అన్నాను.

ఆమెకు మొదట బోధపడలేదు. తరువాత చిరునవ్వుతో, "మీరు చెప్పిన పాఠమే కదా మాస్టారూ!" అన్నది.

"పాఠం నాదైతే పత్రంలో నా పేరెక్కడ?"

పక్కనున్నవారు నవ్వారు. ఆమె తలవంచుకొన్నది. మధ్యాహ్నం భోజనానికైనా ఉండకుండా బస్సెక్కి వెళ్ళిపోయిందని సాయంకాలం ఎవరో చెప్పారు. అప్పుడు కూడా నాకు పశ్చాత్తాపం కలుగలేదు. గురువు చేయవలసిన పనే చేశాననుకొన్నాను.

ఇంటికి వచ్చినతరువాత నా వాదానికి ఆధారం చూచుకోవాలని బుద్ధిపుట్టింది. అటకమీది రేకుపెట్టె దింపి, ఎం.ఏ. చదివేనాటి నోటుపుస్తకాలు వెలికితీశాను. 1979లో వ్రాసుకొన్న దానిలో సాధారణీకరణ ప్రకరణం దొరికింది. నీలిసిరాతో, నా దస్తూరిలో, చెరువూ బిందే యథాతథంగా ఉన్నాయి. తృప్తి కలిగింది. పుస్తకం మూయబోతుండగా అంచున పెన్సిలుతో వేసిన ఒక అంకె కనిపించింది: 112. పక్కన గ్రంథనామం లేదు, కర్త పేరు లేదు, వివరణ లేదు. వట్టి అంకె.

స్వంత ఆలోచనకు ఎవడూ పుటసంఖ్య వేసుకోడు.

ఆ అంకె నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. మూడవనాడు నేను చదువుకొన్న విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వెళ్ళి, ఆ రోజులలో మేము ప్రమాణంగా చదివిన అలంకారశాస్త్ర గ్రంథాలు నాలుగైదు తెప్పించుకొని, ఒక్కొక్క దానిలో 112వ పుట తెరిచి చూశాను. మూడవ పుస్తకంలో దొరికింది. గ్రంథకర్త 'గ్రామతటాకం' అన్నాడు. నేను 'ఊరి చెరువు' అన్నాను. ఆయన 'కలశం' అన్నాడు; నేను 'బిందె' అన్నాను. తక్కిన వాక్యనిర్మాణమంతా ఆయనదే. ముందరి పూర్వపక్షం, తరువాతి సమాధానం, చివరి ఉదాహరణ కూడా అదే వరుసలో ఉన్నాయి. ఆ మహనీయుని పేరు, గ్రంథనామం, పుటసంఖ్య తరువాత సదస్సు పత్రాల సంకలనంలో అచ్చయ్యాయి. ఈ వ్యాసం నా అపరాధాన్ని గురించినది గనుక ఆయనను మళ్ళీ ఇక్కడికి సాక్ష్యానికి పిలవడం లేదు.

నన్ను అన్నిటికంటె ఎక్కువగా కలవరపెట్టినది వేరొకటి. ఆ ఉపమానం నాకు ఎప్పుడు తోచిందో నాకు స్పష్టంగా జ్ఞాపకం ఉన్నది. మా ఊరి చెరువుగట్టున ఒక సంజవేళ కూర్చుని ఉండగా, నీళ్ళు ముంచుకొనిపోయే ఆడవారిని చూచి స్ఫురించిందని తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను కూడా. గట్టు నిజమే, సంజ నిజమే, బిందెలూ నిజమే కావచ్చు. ఆలోచన మాత్రం 112వ పుటది. జ్ఞాపకం తనకు కావలసిన సాక్ష్యాన్ని తానే పుట్టించుకొన్నది.

ఇది ఎట్లా జరిగిందో తెలిసికోవాలని ఆ పాత పుస్తకాన్ని మొదటినుండి పరీక్షించాను. ఆ రోజులలో అటువంటి గ్రంథాలను ఇంటికి ఇచ్చేవారు కారు. పఠనమందిరంలోనే కూర్చుని, మూసే వేళకు ముందు ఎంత వీలైతే అంత ఎత్తివ్రాసుకోవాలి. నా పుటలలో నాలుగు విధాలైన వ్రాతలు కలగలిసి ఉన్నాయి. కొన్ని గ్రంథంలోని మాటలే. కొన్ని ఆ మాటలను కుదించినవి. కొన్ని ఒకటి రెండు పదాలు మార్చినవి. కొన్ని నిజంగా నా ప్రశ్నలు, నా సందేహాలు. నాలుగింటికీ ఒకే సిరా, ఒకే దస్తూరి. వాటి మధ్య ఒక గీత లేదు, ఒక చుక్క లేదు. వ్రాసిననాడు ఏది ఎవరిదో నాకు తెలుసు. తెలుసు గనుకనే గుర్తు పెట్టుకోలేదు. అయిదేళ్ళ తరువాత పాఠం చెప్పడానికి అదే పుస్తకం తెరిచేసరికి, దస్తూరి నాది గనుక మాటలూ నావే అయిపోయాయి.

అపహరించాలనే ఉద్దేశం నాకు లేదు. కాని ఉద్దేశం లేదు గనుక దోషం లేదనడానికి నోరు రాలేదు. ఆ అమ్మాయికి మాత్రం ఏ ఉద్దేశం ఉన్నది?

రాజశేఖరుని కావ్యమీమాంసను పాఠంగా చెప్పిన నాకు, పరార్థహరణ ప్రకరణం అప్పుడు గాని నిజంగా అర్థం కాలేదు. 1916లో గైక్వాడ్ ప్రాచ్యగ్రంథమాల మొదటి సంపుటంగా వెలువడిన ఆ గ్రంథంలో, పదకొండవ అధ్యాయం మొదలుకొని శబ్దహరణం, అర్థహరణం విస్తరంగా విచారించబడ్డాయి. పదం, పాదం, అర్ధం, వృత్తం, ప్రబంధం అని శబ్దహరణం అయిదు విధాలు. అర్థహరణంలో మొట్టమొదటిది ప్రతిబింబకల్పం: అర్థమంతా మరొకరిది, వాక్యపు కూర్పు మాత్రమే వేరు. తటాకాన్ని చెరువుగా మార్చడానికి ఇంతకంటె సరియైన పేరు లేదు. అమరకోశం నోటికి వచ్చిన మనబోటివారికి ఇది మరీ సులభమైన పతనమార్గం. ఒక్కొక్క మాటకు పది పర్యాయపదాలు నాలుకమీద ఉంటాయి. మార్చిన కొద్దీ మన రచన అయిపోతున్నదని భ్రమ కలుగుతుంది. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాల్గవ ఉద్ద్యోతంలో కవుల నడుమ సంవాదాన్ని ప్రతిబింబంతోను, చిత్తరువుతోను, సమానదేహం గల మరొక ప్రాణితోను పోల్చి, మొదటి రెండూ విడువదగినవన్నాడు. మూడవదానికి వేరే ప్రాణం ఉన్నది గనుక దోషం లేదన్నాడు. నా చెరువులో వేరే ప్రాణమేదీ లేదు.

హరణాన్ని సమర్థించే సాకులను కూడా రాజశేఖరుడు తన భార్య అవంతిసుందరి మతంగా నమోదు చేశాడు. మూలకర్తకు ప్రసిద్ధి లేదు, నాకున్నది; ఆయన మాట తిప్పతీగ, నా మాట ద్రాక్ష; ఆ రచన తెలిసినవారు గతించారు; కర్త దూరదేశంలో ఉన్నాడు; ఇట్లా సాగుతుంది ఆ పట్టిక. నవ్వుకొంటూ చెప్పే పాఠమది. ఆ రాత్రి చదివితే నవ్వు రాలేదు. 'గ్రామతటాకం' కంటె 'ఊరి చెరువు' విద్యార్థులకు మధురంగా ఉంటుందనే కదా నేనూ మార్చినది!

అయితే ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. రాజశేఖరుడు మాట్లాడుతున్నది కవులను గురించి. దొంగ కాని కవి ఉండడని ఆయన ఒప్పుకొంటాడు. దాచే నేర్పు గలవానికి కొంత క్షమ కూడా ఇస్తాడు. మారన మార్కండేయ పురాణంలోని కథను పెద్దన మనుచరిత్రగా పెంచితే దానిని చౌర్యమనే రసజ్ఞుడు లేడు. శాస్త్రగ్రంథం వ్రాసేవానికి ఆ వెసులుబాటు లేదు. శాస్త్రంలో ఒక మతం ఎవరిదన్నది ఆ మతంలో భాగమే.

దీనికి సాధారణీకరణం కంటె మంచి నిదర్శనం కనబడదు. భట్టనాయకుని హృదయదర్పణం మనకు దక్కలేదు. ఆయన మతం మనకు ముఖ్యంగా తెలిసినది అభినవగుప్తుని వలన. నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంపై వ్యాఖ్యలో అభినవగుప్తుడు లొల్లటుని, శంకుకుని, భట్టనాయకుని మతాలను పేరు పేరునా నిలిపి, వారి వాదాలను వివరించి, ఆ తరువాతనే తన సిద్ధాంతం చెప్పాడు. పూర్వుల మతాలను తాను దూషించలేదనీ, శోధించాననీ, వారు వేసిన మెట్లమీదుగానే పైకెక్కాననీ స్వయంగా చెప్పుకొన్నాడు. సాధారణీకరణ భావాన్ని తన సిద్ధాంతంలోకి తీసుకొన్నప్పుడు కూడా భట్టనాయకుని పేరు చెరిపివేయలేదు. ఆయన నా 1979 నాటి పద్ధతిలో నోట్సు వ్రాసుకొని ఉంటే ఏమయ్యేది? నాలుగు మతాలూ ఒకే సిరాలో కలిసిపోయేవి. భట్టనాయకుడనే పేరు మనకు దాదాపు మిగిలేది కాదు. అటువంటి భట్టనాయకుని పాఠంలోనే నేను ఒక గ్రంథకర్తను ఇరవై అయిదు సంవత్సరాలు అజ్ఞాతుణ్ణి చేశాను.

ప్రసక్తి వచ్చింది గనుక ఒక మాట. హృదయదర్పణానికి పుటసంఖ్య సహితంగా ఉల్లేఖనం ఇచ్చిన ఒక పరిశోధనపత్రాన్ని నేను పరిశీలకుడిగా చూచాను. లభించని గ్రంథానికి పుటలెక్కడివి? ఏదో పాఠ్యగ్రంథంలోని ఉల్లేఖనాన్ని ఎత్తివ్రాసుకొన్నప్పుడు, మధ్యనున్న పాఠ్యగ్రంథం పేరు జారిపోయి, దాని పుటసంఖ్య మాత్రం మిగిలింది. మనలో ఇది మిక్కిలి ప్రబలిన రోగం. అభినవభారతిని తెరిచి చూడనివారు అభినవభారతిని ఉదాహరిస్తారు. మాట దొంగిలించినట్లు ఎవరికీ అనిపించదు, మూలకర్త పేరు ఉన్నది గదా. దొంగిలించినది మరొకరి శ్రమను. ఆ వాక్యాన్ని వెదికి తెచ్చి అక్కడ నిలిపిన పండితుని చూపును.

మన ప్రాచీనులకు ఉద్ధరణచిహ్నాలు లేవు. తాళపత్రాలలో పదాల మధ్య ఎడం కూడా తరచుగా ఉండదు. అయినా ఎవరి మాట ఏదో చెప్పడానికి వారికి ఒక చిన్న అవ్యయం ఉన్నది: 'ఇతి'. మల్లినాథసూరి వ్యాఖ్యలు చదివినవారికి 'ఇత్యమరః' అన్న మాట ఊపిరివలె వినబడుతూ ఉంటుంది. మూలం లేనిది వ్రాయననీ, అనపేక్షితం చెప్పననీ ప్రతిజ్ఞ చేసిన ఆ కోలాచలం పండితుడు, ఒక పదానికి అర్థం చెప్పవలసివచ్చినా అది ఏ కోశంలోనిదో చెప్పక కదలడు. పాణిని తన సూత్రాలలో పదిమంది పూర్వవైయాకరణులను పేర్కొన్నాడు. సంక్షిప్తతే ప్రాణమైన సూత్రరచనలో శాకల్యునికీ, గార్గ్యునికీ, శాకటాయనునికీ అక్షరాలు వ్యయం చేయడం చిన్న విషయం కాదు. ఆచార్యనామాలు వికల్పాన్ని సూచించడానికో, గౌరవార్థమో అని వ్యాఖ్యాతలు విచారించారు. ఏదైనా కానీయండి, పేరు నిలిచింది.

'ఇతి'తో ఒక చిక్కు కూడా లేకపోలేదు. అది ఎత్తిచూపిన మాట ఎక్కడ ముగిసిందో చెబుతుంది గాని ఎక్కడ మొదలైందో చెప్పదు. మన 'అని' కూడా అంతే. పూర్వపక్షం ఎక్కడ ప్రారంభమైందో తెలియక తరగతులలో మనం పడే తంటాలు అందరికీ తెలిసినవే. అందుచేత నా పద్ధతిలో ఆరంభానికి కూడా గుర్తు పెట్టుకొన్నాను.

2010 నుండి నేను నోట్సు వ్రాసుకొనే విధం ఇది. గొప్ప విషయమేమీ కాదు. తెరిచిన నోటుపుస్తకంలో కుడిపుట గ్రంథకర్తది, ఎడమపుట నాది. ఒక్క అక్షరమైనా వ్రాయకముందే కుడిపుట నెత్తిన గ్రంథం, కర్త, ముద్రణ, సంవత్సరం వ్రాస్తాను. ఎత్తివ్రాసే మాటకు ముందు అంచున ఒక నిలువుగీత, చివర 'ఇతి', దాని పక్కనే పుటసంఖ్య. నడుమ ఏ మాటనైనా వదలితే చుక్కలు. ఆ గ్రంథకర్త మరొకరి మాటను ఎత్తిచూపి ఉంటే రెండు 'ఇతి'లు పడతాయి, లోపలిదొకటి, వెలుపలిదొకటి. సారాంశం వ్రాయవలసివచ్చినప్పుడు గ్రంథం మూసివేసి, కాసేపు లేచి తిరిగివచ్చి, ఎడమపుటలో నా మాటలతో వ్రాస్తాను. ఆ తరువాత గ్రంథం తెరిచి పోల్చిచూస్తాను. ఆయన పలుకుబడి నా వాక్యంలోకి దూరి ఉంటే దానిని కుడిపుటకు పంపుతాను. సారాంశం నా మాటలలో ఉన్నంతమాత్రాన ఆలోచన నాది కాదు గనుక దానికీ పుటసంఖ్య వేస్తాను. మొదటి నెలలలో ఎడమపుటలు చాలవరకు ఖాళీగానే ఉండిపోయేవి. నేను చదివినదెంత, ఆలోచించినదెంత అన్నది ఆ తెల్లకాగితం రోజూ చూపించేది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, అంతవరకు నా పాండిత్యమని నేననుకొన్న దానిలో ఎక్కువభాగం కుడిపుటయే.

అన్నిటికీ పుటసంఖ్య అక్కరలేదు. విభావానుభావాలు, ధ్వని త్రైవిధ్యం వంటివి శాస్త్రమంతటికీ ఉమ్మడి ఆస్తి. లక్షణసూత్రాలను మాత్రం మార్చి చెప్పడానికి ప్రయత్నించరాదు. ఉన్నది ఉన్నట్లు ఎత్తివ్రాయడమే శాస్త్రమర్యాద. గ్రంథకర్త సొంత సొత్తు సాధారణంగా మరొకచోట ఉంటుంది: ఆయన ఎన్నుకొన్న ఉదాహరణలో, వేసిన ఉపమానంలో, వాదాన్ని నడిపిన వరుసలో. మనం నిర్లక్ష్యంగా ఎత్తుకొనేవి సరిగా ఇవే.

విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘం 2018లో గ్రంథచౌర్య నివారణకు నియమావళి తెచ్చింది. పోలిక పదిశాతం వరకు ఉంటే శిక్ష లేదు. నలభై, అరవై దాటిన కొద్దీ తీవ్రత పెరుగుతుంది. సర్వసామాన్యమైన విషయాలను, యాదృచ్ఛికంగా కలిసిన మాటలను వరుసగా పద్నాలుగు పదాలవరకు లెక్కించనక్కరలేదని కూడా ఉన్నది. పద్నాలుగు పదాలంటే తెలుగులో ఒక నిండు వాక్యం. సంస్కృతంలో ఒక శ్లోకమే ఇమిడిపోతుంది. నియమాలు వద్దనను; అవి రావలసినవే. కాని నా చెరువు ఆ లెక్కలో ఎన్నడూ పట్టుబడేది కాదు. రెండు వాక్యాల ఉపమానం పదిశాతంలో ఎంత?

అన్నిటికంటె బరువైన సంగతి చెప్పి వ్రాయించే నోట్సుది. ప్రాచ్య కళాశాలలలో ఇది మన నిత్యకృత్యం. పాఠ్యగ్రంథం నుండి అధ్యాపకుని నోటుపుస్తకానికి, అక్కడినుండి విద్యార్థి చెవికి, చేతికి, పరీక్షపత్రానికి, కొన్నేళ్ళకు అతని వ్యాసానికి. ప్రతి మజిలీలోను ఒక పేరు రాలిపోతుంది. నోటితో చెప్పేటప్పుడు ఉద్ధరణచిహ్నం వినబడదు గదా. 2010 జూన్ మొదలు 2014లో పదవీవిరమణ చేసేవరకు నేను తరగతిలో 'ఫలానా వారి మాట' అని మొదలుపెట్టి, ముగియగానే 'ఇతి' అని బిగ్గరగా పలికేవాణ్ణి. పిల్లలు నవ్వారు. 'ఇతి మాస్టారు' అని పేరుపెట్టారని కూడా విన్నాను. మంచిదే.

ఇక ఆ శిష్యురాలి విషయం. గ్రంథాలయంనుండి వచ్చిన వారంలో ఒక ఆదివారం ఆమె ఊరికి వెళ్ళాను. నన్ను చూచి కంగారుపడింది. ముందే క్షమాపణ చెప్పబోయింది. నేను వారించి, నోటుపుస్తకంలోని పుటనూ, గ్రంథాలయంలో వ్రాసుకొన్న మూలవాక్యాలనూ పక్కపక్కన ఆమె ముందుంచాను. చదివి చాలాసేపు మాట్లాడలేదు. 1987లో నా వ్యాసం వేసిన పత్రిక అప్పటికే నిలిచిపోయింది గనుక అందులో సవరణకు అవకాశం లేదనీ, సదస్సు సంకలనంలో అధ్యక్షుని మాటగా జరిగినదంతా వ్రాసియిస్తాననీ చెప్పాను. విరామంలో అక్కడ ఉన్న ఉపన్యాసకులందరికీ ఉత్తరాలు వ్రాశానని కూడా చెప్పాను.

ఆమె లోపలికి వెళ్ళి ఒక పాత నోటుపుస్తకం తెచ్చింది. 1996 నాటిది. సాధారణీకరణం దగ్గర తెరిచి నా చేతికిచ్చింది. చెరువు వాక్యాల పక్కన అంచున ఎర్రసిరాతో, చిన్న అక్షరాలతో 'మాస్టారి ఉపమానం' అని వ్రాసి ఉన్నది. ఆ పుస్తకమంతటా అట్లాగే, గ్రంథంలోని మాటకు ఒక గుర్తు, నేను చెప్పిన మాటకు మరొకటి.

"మరి పత్రంలో ఎందుకు వేయలేదమ్మా?" అన్నాను.

"తరగతిలో విన్న మాటకు ఉల్లేఖనం ఎట్లా ఇవ్వాలో తెలియలేదు మాస్టారూ. ఎవరూ ఇచ్చినట్లు చూడలేదు."

నా దగ్గర సమాధానం లేదు. ఆమె పుస్తకం మళ్ళీ తీసికొని, 'మాస్టారి ఉపమానం' అన్న మాటను ఒక్క గీతతో కొట్టివేసి, కలం పట్టుకొని నావైపు చూచింది.

"ఆ గ్రంథం పేరు చెప్పండి. ముద్రణ సంవత్సరం కూడా."

చెప్పాను. వ్రాసుకొన్నది.